పాత డ్రమ్ కోర్ టేపులు బయటికి ఎందుకు రావు?

డ్రమ్ కోర్ అంటే బాకాలు, డ్రమ్ములతో మైదానంలో కవాతు చేస్తూ పోటీ పడే యువజన బృందం. అమెరికాలో దాని అభిమానులు నలుగురు కలిస్తే ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఫలానా ఏడాది ఫైనల్స్ అప్పట్లో టీవీలో చూశాం, రికార్డింగ్ ఎక్కడో ఉండే ఉంటుంది, కొనడానికి మేం సిద్ధం, మరి ఎందుకు దొరకదు? ఒకవేళ డీవీడీ దొరికినా, కొన్ని ప్రదర్శనల్లో ఉన్నట్టుండి శబ్దం ఆగిపోయి బొమ్మ మాత్రమే కదులుతుంది. అదేం ఖర్మ?

నిర్వాహకులకు పట్టదు అని కొందరంటారు. టేపులు ఎప్పుడో పాడైపోయి ఉంటాయి అని ఇంకొందరంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది గానీ అసలు చిక్కు వేరే చోట ఉంది. రికార్డింగ్‌ను కాపాడటం ఒక పని. దాన్ని జనంలోకి వదలడం ఇంకో పని. మొదటి దాంట్లో తేమతో, రసాయనాలతో, అరిగిపోయిన యంత్రాలతో తలపడాలి. రెండో దాంట్లో కాపీరైట్ యజమానులతో బేరం ఆడాలి. టేపు పాడయ్యే వేగం ముందు, హక్కులు తేలే వేగం ఎందుకూ చాలదు. విడుదలకు అనుమతి రాలేదు కదా అని టేపును పెట్టెలోనే వదిలేస్తే, అనుమతి వచ్చేనాటికి విడుదల చేయడానికి ఏమీ మిగలదు. ఈ రంగంలో జరిగిన నష్టంలో చాలా భాగం ఈ రెండు పనులనూ ఒకటే అనుకోవడం వల్ల జరిగిందని నా నమ్మకం.

ఇంతకీ ఏమిటీ డ్రమ్ కోర్

అక్కడి తెలుగు కుటుంబాల్లో ఎవరి పిల్లలైనా హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో ఉంటే ఈ లోకం కొంత తెలిసే ఉంటుంది. మార్చింగ్ బ్యాండ్ బడి పేరున, చదువుల కాలంలో నడుస్తుంది. డ్రమ్ కోర్ వేసవిలో నడుస్తుంది, దానికి బడితో సంబంధం ఉండదు. దాదాపు 21 ఏళ్ల లోపు కుర్రాళ్లు, అమ్మాయిలు ఆడిషన్లలో నెగ్గి, ఖర్చులు తామే పెట్టుకుని, వేసవంతా బస్సుల్లో తిరుగుతూ ఫుట్‌బాల్ మైదానాల్లో ప్రదర్శనలిస్తారు. ఇత్తడి బాకాలు, డ్రమ్ములు, జెండాలు తిప్పే కలర్ గార్డ్ కలిపి పెద్ద బృందంలో 150 మందికి పైనే ఉంటారు. సంప్రదాయంగా క్లారినెట్, ఫ్లూట్, సాక్సోఫోన్ లాంటివి ఉండవు. పది పన్నెండు నిమిషాల ప్రదర్శన ఒక్కటే. దాన్నే రోజూ చెక్కుతూ, మారుస్తూ ఆగస్టులో ఫైనల్స్‌కు తీసుకొస్తారు.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికన్ లీజియన్, వీఎఫ్‌డబ్ల్యూ లాంటి మాజీ సైనికుల సంఘాలు ఊళ్లలో ఈ బృందాలను పోషించాయి. పోటీల నియమాలు, డబ్బు తమ చేతుల్లో ఉండాలని బృందాలే కలిసి 1971లో డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ పెట్టుకున్నాయి. దాన్నే డీసీఐ అంటారు. తొలి చాంపియన్‌షిప్ 1972లో విస్కాన్సిన్ రాష్ట్రం వైట్‌వాటర్‌లో జరిగింది, అనహైమ్ కింగ్స్‌మెన్ గెలిచారు. ఇప్పుడు ఫైనల్స్ ఇండియానాపొలిస్‌లోని లూకస్ ఆయిల్ స్టేడియంలో జరుగుతున్నాయి.

సంగీతం స్కోరు కాగితం మీద ఉంటుంది కదా, రికార్డింగ్ పోతే పోయేదేముంది అని ఎవరైనా అడగొచ్చు. ఇక్కడ ఆ మాట చెల్లదు. పాత బృందాలు వాయించినవి జి శ్రుతిలో ఉండే బ్యూగిళ్లు. వాటికి ఎన్ని వాల్వులు, అంటే స్వరం మార్చే మీటలు, ఉండొచ్చన్నదాని మీద నియమాలు ఏళ్లకేళ్లు మారుతూ వచ్చాయి. మూడు వాల్వులకు 1990లో అనుమతి దొరికింది. 2000 నుంచి ఏ శ్రుతి ఇత్తడి వాయిద్యమైనా వాడుకోవచ్చన్నారు. 2004లో మైకులు, 2009లో సింథసైజర్లు మైదానంలోకి వచ్చాయి. 1970ల్లో అరవై డెబ్బై మంది బ్యూగిళ్లతో ఒక్కసారిగా ఊదినప్పుడు పుట్టిన ధ్వనిని ఈనాటి వాయిద్యాలతో తిరిగి పుట్టించలేం. పైగా ప్రదర్శన రోజురోజుకూ మారేది కాబట్టి, జూన్‌లో రాసిన కాగితానికీ ఆగస్టులో మోగినదానికీ పోలిక తక్కువ. ఆ రాత్రి ఏం మోగిందో చెప్పగలిగింది టేపు ఒక్కటే.

ఎవరెవరి దగ్గర ఏమున్నాయి

రికార్డింగులన్నీ ఒకే గదిలో ఉంటే పని తేలికయ్యేది. అవి ఐదారు రకాల చేతుల్లో చెదిరి ఉన్నాయి.

మసాచుసెట్స్‌లోని రెవీర్ పట్టణం నుంచి ఫ్లీట్‌వుడ్ అనే రికార్డు కంపెనీ పోటీలకు వెళ్లి, మైకులు పెట్టి రికార్డు చేసి, ఎల్పీలు అమ్మేది. 1960లు, 70ల డ్రమ్ కోర్ ఇప్పుడు మనకు వినిపిస్తోందంటే ఆ ఎల్పీల పుణ్యం చాలా ఉంది. 1970ల మధ్య నుంచి ఫైనల్స్‌ను పీబీఎస్ అనే పబ్లిక్ టెలివిజన్ ప్రసారం చేసేది, ఆ వీడియో టేపులు వేరు. తర్వాత డీసీఐ సొంతంగా ఆడియో, వీడియో రికార్డింగులు చేయించింది. బృందాలు తమ సాధన కోసం తీసుకున్నవి మరికొన్ని. స్టాండ్స్‌లో కూర్చున్న అభిమానులు ఒళ్లో క్యాసెట్ రికార్డర్ పెట్టుకుని పట్టినవి లెక్కలేనన్ని.

ఇవి కాక జడ్జి టేపులని ఉన్నాయి. వీటి విలువ చాలామందికి తెలియదు. ప్రదర్శన నడుస్తుండగానే జడ్జి చేతిలో రికార్డర్ పట్టుకుని, వింటున్నది వింటున్నట్టే వ్యాఖ్యానిస్తూ పోతాడు. పోటీ అయ్యాక ఆ క్యాసెట్ బృందానికి ఇచ్చేస్తారు. పాత రోజుల్లో జడ్జిలు మైదానంలోకి దిగి వాయించేవాళ్ల మధ్య నడిచేవాళ్లు. ఒక్కో తప్పుకు పాయింటులో పదో వంతు కోసే పద్ధతి 1980ల మొదటిదాకా ఉండేది. అలాంటి టేపులో స్నేర్ డ్రమ్ములు చెవి పక్కనే మోగుతాయి, స్టాండ్స్ నుంచి చేసిన రికార్డింగులో కలిసిపోయిన దెబ్బలు విడివిడిగా తెలుస్తాయి. ఆ రోజుల్లో ఏది తప్పు, ఏది మెప్పు అన్నది జడ్జి నోటే వినొచ్చు. ధ్వని నాణ్యత బాగోదని వీటిని పారేసినవాళ్లు ఎందరో. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. అందులో విమర్శకు గురైనవాళ్లు పదిహేను, పదహారేళ్ల పిల్లలు. ఎవరినైనా పేరు పెట్టి తిట్టిన చోటు ఉంటే, టేపును తప్పక కాపాడాలి, బయటికి వదిలేముందు మాత్రం ఆలోచించాలి.

ఒకే ప్రదర్శనకు నాలుగు రికార్డింగులుంటే మంచిది ఒకటుంచి మిగతావి తీసేద్దాం అనిపించడం సహజం. ఆ పని చేయకూడదు. ఫుట్‌బాల్ మైదానం పొడవు 91 మీటర్లు, లోతు దాదాపు 49 మీటర్లు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే మైదానం అవతలి అంచున మోగిన డ్రమ్ దెబ్బ ఇవతలి అంచుకు చేరేసరికి 0.14 సెకన్లు పడుతుంది. నిమిషానికి 120 బీట్ల వేగంలో ఒక బీటులో నాలుగో వంతు 0.125 సెకన్లే. కాబట్టి మైకు ఎక్కడుందో దాన్ని బట్టి, ఎవరు ముందు ఎవరు వెనక అన్నదే మారిపోతుంది. ప్రెస్ బాక్స్ దగ్గర పట్టిన టేపు, చివరి మెట్ల మీద అభిమాని పట్టిన టేపు ఒకే ప్రదర్శనకు ఇద్దరు సాక్షులు. ఒకరిని విని రెండోవారిని పంపేస్తే కథ సగమే తెలుస్తుంది.

టేపుకు పట్టే తెగుళ్లు

ఈ భాగం మన ఇళ్లకూ వర్తిస్తుంది. 1990ల నాటి పెళ్లి వీడియో క్యాసెట్లు బీరువా పైన ఉన్నవాళ్లందరూ ఇదే సమస్యలో ఉన్నారు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అయితే టేపు అంచుల మీద తెల్లటి బూజు ఈపాటికే వచ్చి ఉండొచ్చు. బూజు పట్టిన క్యాసెట్‌ను యంత్రంలో పెడితే ఆ బూజు టేపును చదివే హెడ్డుకు, అక్కడి నుంచి తర్వాత పెట్టే క్యాసెట్లకు అంటుకుంటుంది.

మాగ్నెటిక్ టేపు అంటే ప్లాస్టిక్ పట్టీ, దాని మీద అయస్కాంత పొడి, ఆ పొడిని పట్టి ఉంచే జిగురు. పాత టేపుల్లో పట్టీ అసిటేట్‌తో చేసేవారు. అది క్షీణిస్తే పెట్టె తెరవగానే వెనిగర్ వాసన కొడుతుంది, టేపు ముడుచుకుపోతుంది. తర్వాత వచ్చిన పాలియెస్టర్ పట్టీ గట్టిదే గానీ, 1970లు, 80ల్లో పేరున్న కొన్ని టేపుల్లో జిగురు తేమను పీల్చుకుని బంకగా మారింది. అలాంటి టేపును ప్లే చేస్తే కీచుమంటూ ఆగుతుంది, పొడి ఊడి హెడ్డుకు అంటుకుంటుంది. ఊడిన పొడితోపాటు సంగీతమూ పోతుంది. దీనికి వైద్యం ఉంది. 50 డిగ్రీల సెల్సియస్‌కు కాస్త అటూ ఇటూగా, గంటల తరబడి, అదుపులో ఉన్న వేడిలో టేపును ఆరబెడతారు. తేమ పోయి కొన్ని వారాలపాటు టేపు ప్లే అవుతుంది. ఆ వ్యవధిలోనే కాపీ చేసుకోవాలి. ఇదే వైద్యం అసిటేట్ టేపుకు చేస్తే అది పాడవుతుంది. ఏ టేపు ఏదో తెలియకుండా ఇంట్లో ఓవెన్‌లో పెట్టేవాళ్లను చూస్తే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది.

టేపు బాగున్నా, దాన్ని ఆడించే యంత్రం లేకపోతే లాభం లేదు. టీవీ కేంద్రాలు వాడిన రెండంగుళాల, ఒక అంగుళం టేపులు, ముప్పావు అంగుళం యూ-మాటిక్, బీటాక్యామ్, వీహెచ్ఎస్, డిజిటల్ ఆడియోకు వాడిన డాట్ క్యాసెట్లు, ఒక్కోదానికి ఒక్కో యంత్రం కావాలి. ఇళ్లలో అందరూ వాడిన వీసీఆర్ తయారీని కూడా జపాన్‌కు చెందిన ఫునాయ్ కంపెనీ 2016లో ఆపేసింది. స్పేర్ పార్టులు పోతున్నాయి, రిపేరు తెలిసినవాళ్లు రిటైరవుతున్నారు. యునెస్కో, ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ కలిసి 2019లో దీని మీద ప్రపంచమంతటికీ హెచ్చరిక చేశాయి. 2025 తర్వాత చాలా సంస్థలకు టేపులను డిజిటల్‌లోకి మార్చుకునే దారే మూసుకుపోవచ్చన్నది ఆ హెచ్చరిక సారం. ఆ ఏడాది వచ్చేసింది.

ఎలా కాపీ చేయాలో మాత్రం పెద్ద వివాదం లేదు. ఆడియో అయితే 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్, కుదింపు లేని వేవ్ ఫైలు. స్టీరియోలో గంటకు రెండు జీబీకి కాస్త పైన వస్తుంది. ఫైనల్స్‌లో పన్నెండు బృందాల ప్రదర్శనలన్నీ కలిపి ఐదారు జీబీల్లో సరిపోతాయి, ఈనాటి లెక్కల్లో అది చాలా తక్కువ. వీడియోకు ఎక్కువ చోటు కావాలి. నాణ్యత ఏమాత్రం పోకుండా కుదించే ఎఫ్ఎఫ్‌వీ1 అనే పద్ధతిని ఇప్పుడు చాలా భాండాగారాలు వాడుతున్నాయి. మూడు కాపీలు, రెండు రకాల నిల్వ, ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. ఫైలు చెడిపోలేదని అప్పుడప్పుడూ సరిచూసుకోవడానికి చెక్‌సమ్ అనే గుర్తింపు సంఖ్య రాసి పెట్టుకోవాలి.

ఈ మూల కాపీని ముట్టుకోకూడదు. శుభ్రం చేయడం, వేగం సరిచేయడం అన్నీ వేరే కాపీలో చేయాలి. అమెరికా టేపుల్లో కరెంటు వల్ల వచ్చే 60 హెర్ట్జ్ గుయ్‌మనే రొద ఉంటే వెంటనే తీసేయాలనిపిస్తుంది గానీ, టేపు సరైన వేగంతో నడుస్తోందా లేదా అన్నది ఆ రొదతోనే తేలుతుంది. జనం కేకలు తగ్గించి సంగీతం ఒక్కటే వినిపించేలా చేసిన కాపీలు నాకు నచ్చవు. ఏ చోట స్టేడియం లేచి నిలబడిందో కూడా చరిత్రలో భాగమే కదా.

అసలు ముడి: ఒక్క ప్రదర్శన, ఎందరో యజమానులు

ఇక విడుదల సంగతి. ఒక ఉదాహరణతో చెబితే తేలిక. 1984లో అట్లాంటాలో జరిగిన ఫైనల్స్‌లో గార్ఫీల్డ్ కెడెట్స్ గెలిచారు. లెనార్డ్ బెర్న్‌స్టీన్ స్వరపరిచిన 'వెస్ట్ సైడ్ స్టోరీ' సంగీతంతో వాళ్లు చేసిన ప్రదర్శనను డ్రమ్ కోర్ చరిత్రలో మలుపుగా చెప్పుకుంటారు. ఆ వీడియో విడుదల చేయాలంటే ఎవరెవరిని అడగాలి?

మొదట స్వరరచన హక్కుదారు. ఇది 1957 నాటి రచన. అమెరికా చట్టం ప్రకారం ఆ కాలపు ప్రచురిత రచనలకు 95 ఏళ్ల రక్షణ, అంటే 2052 చివరిదాకా. రెండోది, దాన్ని బాకాలకు, డ్రమ్ములకు తగ్గట్టు మార్చి రాసిన అరేంజ్‌మెంట్. మూలానికి అనుమతి తీసుకుని రాసినా అరేంజర్ పని మీద ప్రత్యేక హక్కు ఉంటుంది. మూడోది ఆ రాత్రి ధ్వనిని పట్టిన సౌండ్ రికార్డింగ్. నాలుగోది వీడియో తీసినవాళ్ల హక్కు. వ్యాఖ్యాతలు, వాయించిన సభ్యులు ఏయే కాగితాల మీద సంతకాలు పెట్టారన్నది ఐదోది. మైదానంలో వేసిన కదలికలకు కూడా నృత్యరచనగా హక్కు ఉందని ఎవరైనా వాదించే వీలుంది. ఒక్క బృందానికే ఇంత ఉంటే, పన్నెండు బృందాలు, ఒక్కోటి మూడు నాలుగు పాటలు అంటే లెక్క ఎక్కడికి పోతుందో ఊహించుకోవచ్చు.

ఆడియో, వీడియో మధ్య చట్టం గీసిన గీత చాలామందికి తెలియదు. సీడీ దొరుకుతుంది, డీవీడీ దొరకదు, లేదా మధ్యలో మూగబోతుంది. కారణం ఆ గీతే. అమెరికా కాపీరైట్ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఒక పాట ఒకసారి అనుమతితో రికార్డుగా వెలువడ్డాక, దాన్ని వేరేవాళ్లు తమ గొంతుతోనో తమ వాయిద్యంతోనో రికార్డు చేసి ఆడియోగా అమ్ముకోవచ్చు. పాట హక్కులు చూసే పబ్లిషర్ కాదనడానికి లేదు, నిర్ణీత రుసుము కడితే చాలు. దీన్ని మెకానికల్ లైసెన్సు అంటారు. 2025లో ఐదు నిమిషాల లోపు పాటకు ఆ రుసుము కాపీకి 12.7 సెంట్లు. పన్నెండు బృందాలు, ఒక్కోటి నాలుగు పాటలు అనుకుంటే 48 పాటలు. ఆ ధరల్లో ఒక్కో సెట్‌కు ఆరు డాలర్ల పైన రుసుమే పోతుంది. కొనేది కొన్ని వేల మందే అయిన చోట అది చిన్న మొత్తం కాదు. అయినా లెక్క ముందే తెలుస్తుంది, పని జరుగుతుంది. అరేంజ్‌మెంట్ మూల స్వభావాన్నే మార్చేసిందనిపిస్తే మాత్రం ఆ వెసులుబాటు చాలదు, పబ్లిషర్ అనుమతి విడిగా కావాలి.

బొమ్మకు సంగీతం జోడించగానే ఈ వెసులుబాటు మొత్తం పోతుంది. దానికి కావాల్సింది సింక్ లైసెన్సు. ఇందులో నిర్ణీత ధర లేదు, ఇచ్చి తీరాలన్న నియమం లేదు. పబ్లిషర్ ఎంతైనా అడగొచ్చు, వద్దనొచ్చు, అసలు జవాబే ఇవ్వకపోవచ్చు. ఒక పాటకు ఇద్దరు ముగ్గురు పబ్లిషర్లుంటే అందరూ ఒప్పుకోవాలి. ప్రపంచమంతా లక్షల కాపీలు అమ్ముకునే సినిమా కంపెనీకి, కొన్ని వేల డిస్కులు అమ్మే యువజన సంస్థకు వాళ్ల దృష్టిలో తేడా ఉండాలని లేదు. పది నిమిషాల ప్రదర్శనలో ఒక్క పాటకు కాదన్నారంటే ఆ రెండు నిమిషాలు మూగబోతాయి. అనుమతి దొరికినా అది కొన్నేళ్లకే కావొచ్చు. గడువు తీరాక డిస్కు మళ్లీ అచ్చు వేయలేరు, ఆన్‌లైన్‌లో ఉన్నదాన్ని దించేయాల్సి వస్తుంది. అభిమానులు దీన్ని మోసంగా చూస్తారు. చాలా సందర్భాల్లో అది గడువు తీరిన కాగితం మాత్రమే.

మరి అప్పట్లో టీవీలో ఎలా వచ్చింది? పబ్లిక్ టెలివిజన్‌కు అమెరికా చట్టం 118వ సెక్షన్‌లో ప్రత్యేకమైన ఏర్పాటు చేసింది. ప్రచురితమైన సంగీతాన్ని లాభాపేక్ష లేని ప్రసారాల్లో వాడుకునేందుకు నిర్ణీత రుసుముల పద్ధతి అది. నాటక సంగీతాన్ని నాటకంగా వేయడం దాని పరిధిలోకి రాదు. ప్రసారానికి సరిపోయిన ఆ ఏర్పాటు ఇంట్లో ఆడించే డిస్కుకు, ఇంటర్నెట్‌లో అమ్మే వీడియోకు వర్తించదు. "టీవీలో వచ్చింది కదా" అన్న వాదన అందుకే నిలవదు. స్టేడియంలో వాయించడానికి కట్టే రుసుము కూడా ఆ రాత్రితోనే సరి, దాంతో రికార్డింగ్ హక్కు రాదు.

ఇప్పుడు దీని పక్కన 1995ను పెట్టి చూడండి. ఆ ఏడాది కావలియర్స్ గుస్తావ్ హోల్స్ట్ 'ది ప్లానెట్స్' వాయించి గెలిచారు. అమెరికాలో 1930కి ముందు ప్రచురితమైన సంగీతం మీద హక్కులు తీరిపోయాయి, హోల్స్ట్ రచన అందులోకి వస్తుంది. కాబట్టి స్వరరచన కోసం ఎవరినీ అడగక్కర్లేదు, అరేంజర్‌తో, రికార్డింగ్ యజమానితో తేల్చుకుంటే చాలు. ద్వొర్జాక్, వాగ్నర్ లాంటివాళ్ల సంగీతం వాయించిన పాత ఫాంటమ్ రెజిమెంట్ ప్రదర్శనలదీ ఇదే దారి. ఏ ఏడాది ఎవరు బాగా ఆడారన్న దానికన్నా, ఏ స్వరకర్తను ఎంచుకున్నారన్నదే ఏ ప్రదర్శన మనకు దొరుకుతుందో తేలుస్తోంది. ఇది అన్యాయమనే నేనంటాను. ఇరవై ఏళ్ల కుర్రాళ్ల చెమటకు ఈ లెక్కలో విలువ లేదు.

కొత్త ప్రదర్శనలు తేలికేమో అనుకుంటే పొరపాటు. 2009 తర్వాత సింథసైజర్లు, శాంపిళ్లు వచ్చాయి. వేరొకరి రికార్డింగ్ నుంచి నాలుగు మాటలు, ఒక సంగీతపు ముక్క ప్రదర్శనలో వాడితే, ఆ రికార్డింగ్ యజమాని అనుమతి కూడా తోడవుతుంది. ఆ విషయంలో 1970ల టేపులే నయం.

1972 ఫిబ్రవరి 15

పాత ఆడియోలకు ఈ తేదీ ముఖ్యం. అంతకుముందు చేసిన సౌండ్ రికార్డింగులకు అమెరికాలో ఫెడరల్ కాపీరైట్ ఉండేది కాదు, రాష్ట్రాల చట్టాలు కాపాడేవి. 2018లో తెచ్చిన మ్యూజిక్ మోడర్నైజేషన్ చట్టం వాటిని ఒక దారికి తెచ్చింది. 1923కి ముందువి 2022 జనవరి 1న అందరివీ అయ్యాయి. 1957 నుంచి 1972 ఫిబ్రవరి 15 లోపు వాటికి మాత్రం 2067 ఫిబ్రవరి దాకా రక్షణ ఉంది. ఫ్లీట్‌వుడ్ 1960ల ఎల్పీలు సరిగ్గా ఈ సంచిలో పడ్డాయి. 1964లో మైదానంలో నిలబడి ఊదిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు 2067కు 121 ఏళ్లవాడవుతాడు.

మన దేశంలో సౌండ్ రికార్డింగ్‌కు ప్రచురించిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు. అంటే 1964లో ఇక్కడ వెలువడిన గ్రామఫోన్ రికార్డు మీద రికార్డింగ్ హక్కు 2024 చివరితో తీరిపోయింది. పాట రాసినవారు, స్వరపరిచినవారి హక్కు వాళ్ల మరణం తర్వాత 60 ఏళ్లదాకా విడిగా ఉంటుంది, అది వేరే లెక్క. ఈ ఒక్క విషయంలో మన చట్టమే మెరుగ్గా ఉందని నాకనిపిస్తుంది.

అదే 2018 చట్టంలో ఒక చిన్న కిటికీ ఉంది, దాన్ని డ్రమ్ కోర్ లోకం సరిగా వాడుకోవాలి. 1972కు ముందు రికార్డింగ్ ఎక్కడా అమ్మకంలో లేదని శ్రద్ధగా వెతికి తేల్చుకుని, లాభాపేక్ష లేకుండా వాడుకుంటామని కాపీరైట్ ఆఫీసుకు నోటీసు ఇవ్వొచ్చు. 90 రోజుల్లో హక్కుదారు అభ్యంతరం చెప్పకపోతే ఆ వాడకానికి రికార్డింగ్ యజమాని నుంచి చిక్కు ఉండదు. స్వరరచన హక్కు మాత్రం అలాగే ఉంటుంది, దాన్ని వేరుగా చూసుకోవాలి.

విడుదల ఆగినా, కాపాడటం ఆగక్కర్లేదు

చట్టం ఇక్కడ అభిమానులు అనుకున్నంత మొండిగా లేదు. అమెరికా కాపీరైట్ చట్టం 108వ సెక్షన్ కింద, ప్రజలకో పరిశోధకులకో తలుపులు తెరిచి ఉన్న గ్రంథాలయాలు, భాండాగారాలు ఎవరి అనుమతీ లేకుండానే కాపాడుకోవడానికి కాపీలు చేసుకోవచ్చు. ప్రచురితం కానివైతే మూడు కాపీల దాకా. ప్రచురితమైనవైతే, అవి పాడవుతున్నా, ఆడించే యంత్రం కాలం చెల్లినా, సరసమైన ధరకు మరో ప్రతి దొరకనప్పుడు మూడు. ఆ డిజిటల్ కాపీలను గ్రంథాలయం గోడలు దాటించకూడదన్నదే షరతు. ఇంట్లో అటక మీద ఉన్న టేపుకు ఈ వెసులుబాటు లేదు, విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇచ్చిన టేపుకు ఉంది. అందుకే నా దృష్టిలో అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని విడుదల కోసం పోరాటం కాదు, టేపులను అటకల మీద నుంచి గ్రంథాలయాలకు చేర్చడం. అక్కడికెళ్లి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినాల్సి వచ్చినా, వినడానికి ఏదో ఒకటి ఉంటుంది.

బృందాలు మూతపడటం మామూలైన ఈ రంగంలో ఇది మరీ అవసరం. ఫ్లీట్‌వుడ్ ఉన్న రెవీర్ పట్టణానిదే అయిన 27వ లాన్సర్స్ బృందం 1980ల్లో ఆగిపోయింది. తొలి చాంపియన్లు అనహైమ్ కింగ్స్‌మెన్ ఎప్పుడో రంగం నుంచి తప్పుకున్నారు. 1934 నుంచి నడిచిన కెడెట్స్, 1984లో ఆ ప్రదర్శన ఇచ్చిన బృందమే, 2024లో దివాలాతో మూతపడింది. బృందం పోతే దాని అరేంజ్‌మెంట్ల హక్కు ఎవరిది? సభ్యులతో చేసుకున్న ఒప్పందాల ఫైళ్లు ఎవరి గ్యారేజీలో ఉన్నాయి? అడగడానికి మనిషే దొరకనప్పుడు, అనుమతి ఇచ్చేందుకు అందరూ సిద్ధంగా ఉన్నా పని ఆగిపోతుంది. బతికి ఉన్న బృందాలు ఇప్పుడే తమ అరేంజర్లతో, సభ్యులతో స్పష్టమైన కాగితాలు రాసుకుని, వాటి నకలు ఎక్కడో ఒక గ్రంథాలయంలో ఉంచితే తర్వాతి తరానికి చాలా శ్రమ తగ్గుతుంది.

టేపులు ఎవరి దగ్గరైనా ఉంటే, ప్లే చేసి చూడాలన్న తొందర ముందు మానుకోవాలి. జిగురు బంకగా మారిన టేపుకు మొదటిసారి ప్లే చేయడమే చివరిసారి కావొచ్చు. పెట్టెను చల్లగా, పొడిగా ఉండే గదిలో నిలువుగా పెట్టాలి. అటక, గ్యారేజీ, బాత్రూమ్ పక్క గోడ పనికిరావు. పెట్టె మీదా, లోపలి చీటీ మీదా ఏం రాసి ఉందో ఫొటో తీయాలి. ఆ తర్వాత ఒక కాగితం మీద ఊరు, తేదీ, బృందం పేరు, వాయించిన పాటలు వరుసగా, ఒక్కోదానికి స్వరకర్త, అరేంజర్ పేర్లు, రికార్డు చేసింది ఎవరు, ఎక్కడ కూర్చుని చేశారు అన్నది రాయాలి. ఏ ముక్క మీద హక్కు ఎప్పుడు తీరుతుందో, ఎవరిని అడగాలో ఈ వివరాలతోనే తేలుతుంది. అవి తెలిసినవాళ్లలో చాలామందికి ఇప్పుడు డెబ్బై దాటాయి. టేపును ఆరబెట్టేవాళ్లు ఇంకా దొరుకుతున్నారు గానీ, 1968లో ఒక కౌంటీ ఫెయిర్‌లో తమ బృందం రెండో పాటగా ఏం వాయించిందో చెప్పగలిగినవాళ్లు తగ్గిపోతున్నారు. కాబట్టి ముందు వాళ్లకు ఫోన్ చేయండి, టేపు సంగతి తర్వాత.